ఏ3 రిపోర్టు ఒక్క పేజీలో ఇమడటం లేదు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్యాకింగ్_లైన్:

అందరికీ నమస్కారం. పొడి నింపే పౌచ్ ప్యాకింగ్ సెక్షన్‌లో సీల్ లీకుల మీద ఏ3 రిపోర్టు (సమస్య, కారణాలు, చర్యలు అన్నీ ఒక్క ఏ3 కాగితం మీద చెప్పేది) తయారు చేయాలి. ప్రస్తుతం 14 స్లైడ్లు ఉన్నాయి. అన్నిటినీ ఒకే కాగితం మీదికి నెడితే అక్షరాలు 6 పాయింట్లకు దిగాయి. భూతద్దం పెట్టుకుని చదవాలి.

చేతిలో ఉన్న లెక్క: 3 యంత్రాలు, 4 వారాలు, మొత్తం 1,24,000 పౌచ్‌లు. లీకైనవి 3,720, అంటే 3 శాతం. మా లోపలి పరిమితి 1 శాతం. 2వ నంబరు యంత్రానివే 2,604. వాటిలో 1,953 చేంజోవర్ (ఒక రకం ఫిల్మ్ లేదా సరుకు నుంచి ఇంకో రకానికి యంత్రాన్ని మార్చడం) తర్వాతి మొదటి 40 నిమిషాల్లో వచ్చినవి. షిఫ్టుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇప్పటిదాకా రాసింది ఇలా ఉంది:

శీర్షిక: ఆపరేటర్ల శిక్షణ ద్వారా సీల్ లీకుల తగ్గింపు.
సమస్య: సరైన శిక్షణ లేకపోవడం వల్ల లీకులు ఎక్కువగా వస్తున్నాయి.
లక్ష్యం: వీలైనంత త్వరగా 1 శాతానికి తేవడం.
కారణాలు: చేపముల్లు బొమ్మ (కారణాలను చేపముళ్ళలా కొమ్మలుగా గీసేది), 23 కారణాలతో.
చర్యలు: శిక్షణ ఇవ్వబడును. చెక్‌లిస్టు అమలు చేయబడును. సంబంధిత విభాగం పర్యవేక్షించును.

ఏ భాగానికి ఎంత చోటు ఇవ్వాలి? చేపముల్లు బొమ్మ పేజీలో ఉండాలా? ఇంతకీ ఏ4 సరిపోదా?

నాణ్యత_బల్ల:

14 స్లైడ్లను కుదించే పని మానేయండి. వాటిని పక్కన పెట్టి తెల్ల కాగితం మీద మొదలుపెట్టండి. స్లైడ్లు ఎక్కడికీ పోవు, ఎవరైనా అడిగితే తీసి చూపించే ఫైలుగా పనికొస్తాయి.

ముందు కాగితం సంగతి. ఏ3 అంటే 420 × 297 మిల్లీమీటర్లు, రెండు ఏ4లు పక్కపక్కన పెట్టినంత. అడ్డంగా పెట్టి మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ సగంలో ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది. కుడి సగంలో ఏం చేస్తాం, అది పనిచేసిందని ఎలా తెలుస్తుంది. టయోటాలో పాతుకున్న ఈ పద్ధతికి వెన్నెముక పీడీసీఏ చక్రం: ప్లాన్, డూ, చెక్, యాక్ట్, అంటే ఆలోచించడం, చేయడం, ఫలితం చూడడం, సరిదిద్దడం. ఎడమ సగం మొత్తం, కుడివైపు చర్యలు, వాటి ప్రణాళిక, అన్నీ 'ప్లాన్' కిందికే వస్తాయి. కాగితంలో ముప్పాతిక పైగా పని మొదలుపెట్టక ముందు చేసే ఆలోచనే అన్నమాట.

చోటు: శీర్షిక, రాసినవారి పేరు, తేదీ, ఎన్నో ప్రతి అన్నది పైన ఒక్క వరుస. నేపథ్యం మూడు నాలుగు వరుసలు: ఈ సమస్య ఎవరికి, ఎంత నష్టం చేస్తోంది అన్నంత వరకే. ప్రస్తుత స్థితికి ఎడమ సగంలో దాదాపు 40 శాతం ఇవ్వండి. లక్ష్యం రెండు వరుసలు. ఎడమవైపు మిగిలిందంతా కారణ విశ్లేషణకు. కుడివైపు సగం చర్యల పట్టికకు, మిగతాది అమలు తేదీలకు, ఫలితాల పరిశీలనకు చెరి సగం. ఇది కొలబద్ద పెట్టి పాటించేది కాదు గానీ నేపథ్యమే పావు పేజీ తినేస్తుంటే కథ ఎక్కువైందని అర్థం.

అక్షరాలు 10 లేదా 11 పాయింట్లు, అంచులు 10 మిల్లీమీటర్లు. ఎందుకంటే దాన్ని ఎవరో ఒకరు ఏ4 మీద ప్రింటు తీస్తారు. అప్పుడు 71 శాతానికి కుదించుకుపోయి 10 పాయింట్లు 7 అవుతుంది. అంతకన్నా తగ్గితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కారణం ఒక్కటే, చర్య ఒక్కటే అన్నంత చిన్న సమస్యకు ఏ4 చాలు. మీది అలాంటిది కాదు. గ్రాఫు, కారణాల గొలుసు, చర్యల పట్టిక మూడూ ఒకే చూపులో కనిపించాలి.

ఇక మీ రాత. "శిక్షణ లేకపోవడం వల్ల" అన్న చోటే రిపోర్టు అయిపోయింది. 'ఫలానాది లేకపోవడం' అని రాసిన ప్రతిసారీ అక్కడ సమస్య వేషంలో పరిష్కారం కూర్చుని ఉంటుంది. 'శిక్షణ లేదు' అంటే జవాబు 'శిక్షణ ఇవ్వండి' అని ముందే రాసేసుకున్నట్టు. పైగా మీ లెక్కే దాన్ని ఒప్పుకోవడం లేదు. శిక్షణ లోపమైతే మూడు యంత్రాల మీదా, రోజంతా లీకులు రావాలి. 2వ యంత్రం మీద, అదీ చేంజోవర్ కాగానే ఎందుకు గుంపు కడతాయి?

సమస్య వాక్యంలో నాలుగు ముక్కలుంటే చాలు: ఏది, ఎక్కడ, ఎంత ఉండాలి, ఎంత ఉంది. ఉదాహరణకు: "పౌచ్ సీల్ లీకులు 1 శాతం దాటకూడదు. గత 4 వారాల్లో 3 శాతం (1,24,000లో 3,720). ఇందులో 70 శాతం 2వ యంత్రానివి, సగానికి పైగా ఆ యంత్రంపై చేంజోవర్ తర్వాతి 40 నిమిషాల్లోవి." శీర్షికలో కూడా పరిష్కారం ఉండకూడదు. "2వ యంత్రం: చేంజోవర్ తర్వాత సీల్ లీకులు" చాలు.

చేపముల్లు బొమ్మ పేజీలో వద్దు. అది వెతికేటప్పటి పనిముట్టు. ఇషికావా పేరుతో పిలిచే ఆ బొమ్మ గోడ మీద వేసుకోండి, 23నీ ఒక్కొక్కటే కొట్టేస్తూ రండి. మిగిలిన ఒకటి రెండిటి గొలుసు మాత్రమే పేజీ మీదికి. కొట్టేసిన వాటిలో ముఖ్యమైనవి ఉంటే "ఫిల్మ్ బ్యాచ్: తేడా లేదు" తరహాలో ఒక వరుస చాలు, చదివేవారు మళ్ళీ అదే అడగకుండా.

పెన్సిల్_రబ్బరు:

పైన చెప్పినదానికి తోడు లక్ష్యం లెక్క చూడండి, అందులో పెద్ద బొక్క ఉంది. 1,953 లీకుల్ని పూర్తిగా, ఒక్కటీ మిగలకుండా తీసేశారనుకుందాం. 3,720లోంచి పోగా 1,767 మిగులుతాయి. అది 1.4 శాతం. మీరు పట్టుకున్న కారణం నూటికి నూరుపాళ్ళు పోయినా 1 శాతం రాదు. ఈ కూడిక తీసివేత మీరు చేయకపోతే మీటింగులో ఎవరో ఒకరు చేస్తారు.

రెండు దారులున్నాయి. ఈ ఏ3ని చేంజోవర్ లీకులకే పరిమితం చేసి, లక్ష్యాన్ని "6 వారాల్లో మొత్తం లీకులు 3 నుంచి 1.6 శాతానికి" అని పెట్టుకోవడం ఒకటి. దానికి 1,953లో దాదాపు 1,736 తగ్గాలి, అంటే 89 శాతం. కష్టమే గానీ అసాధ్యం కాదు. మిగతా లీకులకు వేరే ఏ3. రెండోది, అన్నీ ఒకే ఏ3లో పెట్టడం. అలా చేస్తే ఒక్క పేజీలో మూడు కథలు కలిసిపోయి చిక్కుముడి పడుతుంది. నా ఓటు మొదటిదానికి.

'వీలైనంత త్వరగా' అన్నది తేదీ కాదు. కొట్టేయండి.

గ్రాఫు ఒక్కటే పెట్టండి. 14 స్లైడ్లలో ఆరో ఏడో గ్రాఫులు ఉండే ఉంటాయి, అన్నీ నిజమే కావచ్చు. కానీ మీ కథకు పనికొచ్చేది ఒక్కటి: అడ్డంగా చేంజోవర్ అయిన తర్వాతి నిమిషాలు 10 చొప్పున, నిలువుగా లీకులు, యంత్రానికో గీత. 2వ యంత్రం గీత మొదట్లో నిలువునా లేచి 40 దగ్గర దిగితే ఇక మాటలు అక్కర్లేదు. గ్రాఫు కింద కాలవ్యవధి, ఎన్ని పౌచ్‌ల మీద లెక్క, లీకును ఏ పరీక్షతో పట్టారు అన్నది ఒక వరుసలో ఉండాలి. పరీక్ష ఏదో చెప్పకపోతే ఆ 3 శాతానికి అర్థం లేదు. చేత్తో నొక్కి చూసినదానికీ, నీళ్ళలో ముంచి వాక్యూమ్ పెట్టినదానికీ అంకెలు చాలా మారతాయి.

మొదటి రెండు ప్రతులు పెన్సిల్‌తో రాయండి. ఇది ఛాదస్తం అనిపించవచ్చు. కంప్యూటర్‌లో గళ్ళు కనిపించగానే వాటిని నింపే పని మొదలవుతుంది, అందంగా కనిపించే ప్రతిని చెరపడానికి చేయి రాదు. పెన్సిల్‌తో ఆ బెంగ లేదు.

ప్యాకింగ్_లైన్:

ధన్యవాదాలు. లక్ష్యం 1.6 శాతానికి మార్చాను, శీర్షిక కూడా. పరీక్ష నీళ్ళలో ముంచే వాక్యూమ్ పరీక్షే. కారణాల గొలుసు ఇలా వచ్చింది, చూడండి:

1. సీల్ లీకవుతోంది. ఎందుకు? లోపలి పొర సరిగా కరగలేదు.
2. ఎందుకు? సీలింగ్ జా (పౌచ్ అంచును వేడితో నొక్కి అతికించే దవడ) కావలసిన వేడికి చేరలేదు.
3. ఎందుకు? పల్చటి ఫిల్మ్ నుంచి మందపాటి ఫిల్మ్‌కు మారినప్పుడు వేడి పెంచాలి. పెంచిన వెంటనే యంత్రం నడుపుతున్నారు.
4. ఎందుకు? ఎంతసేపు ఆగాలో చేంజోవర్ పద్ధతిలో రాసి లేదు.
5. ఎందుకు? ఆపరేటర్ల అజాగ్రత్త.

జా వేడెక్కడానికి 15 నిమిషాలు పడుతుంది.

స్పానర్_సెట్:

మెయింటెనెన్స్ వైపు నుంచి చెబుతున్నాను. గొలుసులో మొదటి నాలుగు బాగున్నాయి, ఐదోది కొట్టేయండి. 'అజాగ్రత్త' దగ్గర ఆగిన గొలుసుకు మనిషిని తిట్టడం తప్ప వేరే చర్య ఉండదు. పైగా అది తర్కానికీ నిలవదు. గొలుసును కింది నుంచి పైకి 'అందువల్ల' పెట్టి చదవండి. "ఆగే సమయం పద్ధతిలో లేదు, అందువల్ల వెంటనే నడుపుతున్నారు, అందువల్ల జా చల్లగా ఉంది, అందువల్ల పొర కరగలేదు, అందువల్ల లీకు." అతుకుతోంది. "ఆపరేటర్లు అజాగ్రత్తగా ఉన్నారు, అందువల్ల పద్ధతిలో రాసి లేదు" అంటే అతకదు. పద్ధతి రాసేది ఆపరేటర్లు కాదుగా.

నాలుగో దాని పక్కన ఇంకో కొమ్మ ఉంది, దాన్ని వదలకండి: వేడి చేరకపోయినా యంత్రం ఎందుకు నడుస్తోంది? స్టార్ట్ బటన్‌కూ ఉష్ణోగ్రతకూ లింకు లేదు కాబట్టి. చర్యల్లో బలమైనది ఇక్కడి నుంచే వస్తుంది.

అసలు తిరకాసు వేరే. జా 15 నిమిషాల్లో వేడెక్కుతుందని మీరే అన్నారు. లీకులు 40 నిమిషాలు వస్తున్నాయి. మిగతా 25 నిమిషాలకు మీ గొలుసులో జవాబు లేదు. కారణం కాలంతో కూడా సరిపోవాలి.

లీకు అంతా ఒకే రకం కాదు. ఆ 40 నిమిషాల్లో లీకైన పౌచ్‌లు ఒక 60 తీసుకుని, సీల్ విప్పి మూడు కుప్పలు పెట్టండి. సీల్ చేత్తో లాగితే సులువుగా ఊడివస్తే అది చల్లటి సీల్, వేడో ఒత్తిడో సీలింగ్ సమయమో చాలలేదు. సీల్ గట్టిగానే ఉండి ముడత వెంబడి సన్నటి దారి కనిపిస్తే ఫిల్మ్ నిటారుగా నడవడం లేదు, రోల్ మార్చాక ఫిల్మ్ బిగువు (టెన్షన్) కుదురుకోలేదు. సీల్ మధ్యలో పొడి రేణువులు ఇరుక్కుని ఉంటే అది ఫిల్లింగ్ వైపు సమస్య, పొడి ఆలస్యంగా రాలుతోంది. కుప్పల పక్కన చేంజోవర్ తర్వాత ఎన్నో నిమిషం అన్నది రాసుకోండి. మొదటి 15 నిమిషాల్లో చల్లటి సీళ్ళు, ఆ తర్వాత ముడతలు కనిపిస్తే మీకు రెండు కారణాలున్నాయి, గొలుసులూ రెండు. అన్నీ చల్లటి సీళ్ళే అయితే 15 నిమిషాలన్న మాటే తప్పు. కంట్రోలర్ చూపించేది సెన్సార్ ఉన్నచోటి వేడి. జా చివర్లు ఇంకా చల్లగా ఉండవచ్చు. జా పొడవునా మూడు చోట్ల, 2 నిమిషాలకోసారి కొలిచి రాసుకోండి.

తర్వాత కారణాన్ని కావాలని పుట్టించి చూడండి. అదే ఫిల్మ్, అదే వేగం, వేడి మాత్రం సెట్ విలువకు 15 డిగ్రీలు తక్కువ. 50 పౌచ్‌లు తీసి పరీక్షించండి. సెట్ విలువకు చేరి నిలకడగా ఉన్నాక ఇంకో 50. మొదటివాటిలో లీకులు వచ్చి రెండోవాటిలో పోతే కారణం రుజువైనట్టు. ఆ ఫలితం పేజీ మీద ఒక్క వరుస తీసుకుంటుంది. ఆ ఒక్క వరుస లేకపోతే ఐదు 'ఎందుకు'లూ ఊహే. పరీక్ష పౌచ్‌లు మంచి సరుకులో కలవకుండా ఎర్ర డబ్బాలో వేయడం మరవకండి.

మిగతా రెండు యంత్రాలు ఎందుకు బాగున్నాయో కూడా ఒక వరుస ఉండాలి. వాటి మీద ఒకే మందం ఫిల్మ్ నడుస్తుంటే మీ కారణానికి అదే మంచి సాక్ష్యం.

నాణ్యత_బల్ల:

స్పానర్_సెట్ గారు చెప్పిన మూడు కుప్పల పని ముందు చేయండి. అది అయ్యేదాకా కుడి సగం ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. ఖాళీగా ఉండటమే మంచిది.

ఆ తర్వాత కుడివైపు. ముందు తాత్కాలిక ఏర్పాటును, అసలు చర్యను విడదీయండి. చేంజోవర్ తర్వాతి 40 నిమిషాల సరుకును వేరుగా పెట్టి పూర్తిగా తనిఖీ చేయడం తాత్కాలికం. అది లీకును పట్టుకుంటుంది, ఆపదు. దాన్ని ఎడమవైపు ప్రస్తుత స్థితి కింద ఒక వరుసలో రాయండి, ఎప్పుడు ఎత్తేస్తారో కూడా. కుడివైపు చర్యల్లో అది కనిపిస్తే సమస్య తీరినట్టు భ్రమ పుడుతుంది.

చర్యల పట్టికలో ఆరు నిలువు గళ్ళు: ఏ కారణానికి, ఏం చేస్తాం, ఎవరు, ఎప్పటికి, ఎన్ని లీకులు తగ్గుతాయని అంచనా, ఖర్చు. మొదటి గడిలో రాయడానికి ఏమీ లేని చర్య ఉంటే తీసేయండి. ఎడమవైపు లేని కారణానికి కుడివైపు మందు వేస్తున్నారన్నమాట. మీ పట్టికలో 'శిక్షణ' అక్కడే రాలిపోతుంది.

ఒక్కో కారణానికి కనీసం రెండు ప్రత్యామ్నాయాలు పోల్చండి. మీ విషయంలో బలం వరుసలో ఇలా పడతాయి: వేడి చేరేదాకా యంత్రం స్టార్ట్ కాకుండా ఇంటర్‌లాక్. తర్వాతది మందపాటి ఫిల్మ్ ఆర్డర్లన్నీ వరుసగా నడిపి చేంజోవర్లే తగ్గించడం. ఆ తర్వాత వేడి చేరగానే వెలిగే దీపం. చిట్టచివర చెక్‌లిస్టులో ఒక గడి. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఎంత తగ్గితే చర్య అంత బలం. ఇంటర్‌లాక్‌కు సమయం పడుతుంది కాబట్టి దీపం ముందు పెట్టి ఇంటర్‌లాక్ తర్వాత పెట్టడంలో తప్పు లేదు, రెండిటికీ తేదీలు రాయండి.

"ఇవ్వబడును, చేయబడును, పర్యవేక్షించును" అన్న క్రియలు వదిలేయండి. మన ఆఫీసు భాషలో ఆ 'బడు' ఉన్నచోట పని చేసే మనిషి ఉండడు. 'సంబంధిత విభాగం' కూడా అంతే, అడిగితే ఎవరూ చేయెత్తరు. ఒక్కో వరుసకు ఒక్క పేరే. ఇద్దరి పేర్లు రాస్తే ఒకరు ఇంకొకరి కోసం చూస్తారు.

ఫలితాల పరిశీలనకు కొత్త గ్రాఫు కనిపెట్టకండి. ఎడమవైపు గ్రాఫునే, అదే కొలతలతో, అదే పరీక్షతో మళ్ళీ గీయడానికి ఖాళీ గళ్ళు ఉంచండి: 2 వారాలు, 6 వారాలు, 12 వారాలు. రెండో వారం చర్య అమలైందో లేదో తెలుస్తుంది, ఆరో వారం లక్ష్యం చేరిందో లేదో, పన్నెండో వారం నిలబడిందో లేదో. పక్కన చెడు ప్రభావానికి ఒక అంకె పెట్టండి. ఇంటర్‌లాక్ వల్ల చేంజోవర్ సమయం పెరుగుతుంది, ఆ నిమిషాలు కొలవకపోతే నెల తిరక్కుండా ఎవరో దాన్ని బైపాస్ చేస్తారు.

ప్యాకింగ్_లైన్:

మూడు కుప్పల పని రేపు మొదటి షిఫ్టులో మొదలుపెడుతున్నాం. ఒక్కటే మిగిలింది: మేనేజరుకు చూపించే ముందు ఎవరెవరికి చూపాలి? మీటింగులో అందరి ముందూ తెరిస్తే సరిపోదా?

పెన్సిల్_రబ్బరు:

మీటింగులో మొదటిసారి చూసినవాళ్ళు అభ్యంతరాలే చెబుతారు, అది సహజం. ముందే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూపించడాన్ని జపాన్‌లో నెమవాషి అంటారు, చెట్టును వేరే చోట నాటేముందు వేళ్ళ చుట్టూ మట్టిని సిద్ధం చేయడమని దాని అర్థం. మీకు ముగ్గురు చాలు: 2వ యంత్రం ఆపరేటరు, ఇంటర్‌లాక్ పెట్టాల్సిన ఎలక్ట్రీషియన్, ఆర్డర్ల వరుస నిర్ణయించే ప్లానింగ్‌వారు. ఆపరేటరుకు ఎడమ సగం మాత్రమే చూపించి "ఇలాగే జరుగుతోందా?" అని అడగండి. మిగతా ఇద్దరికీ చర్యల పట్టికలో వాళ్ళ వరుస చూపించి "ఈ తేదీకి వీలవుతుందా?" అని. కాగితం, పెన్సిల్ వాళ్ళ చేతికివ్వండి, వాళ్ళే దిద్దుతారు.

సమస్య తెలియనివారు ఒకరికి కుడి సగం మడిచి ఎడమ సగం ఇవ్వండి. చదివాక "మరి ఏం చేయాలంటారు?" అని అడగండి. వాళ్ళు చెప్పింది మీ చర్యలకు దగ్గరగా ఉంటే ఎడమవైపు పని అయినట్టే. వాళ్ళు వేరే దారి పట్టారంటే గొలుసులో ఎక్కడో మెట్టు జారింది, సాధారణంగా గ్రాఫుకూ మొదటి 'ఎందుకు'కూ మధ్య.

స్పానర్_సెట్:

ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు జా మూడు చోట్ల కొలిచిన వేడి లెక్క కూడా పట్టుకెళ్ళండి. సెన్సార్ ఉన్నచోట వేడి చేరి చివర్లు చల్లగా ఉంటే ఇంటర్‌లాక్‌ను ఇప్పుడున్న సెన్సార్‌కే కలిపి లాభం లేదు, 'సిద్ధం' అని అబద్ధం చెబుతుంది. అప్పుడు సెన్సార్ వేరే చోటికి మార్చాలి, లేదా వేడి చేరాక ఇంకొన్ని నిమిషాలు ఆపే టైమర్ జోడించాలి. ఎన్ని నిమిషాలో మీ 2 నిమిషాల లెక్కే చెబుతుంది.